విథర్‌కోంబ్ చేతుల శిలువ

ఇంగ్లాండు నైరుతి మూలన, గొర్రెల మందలు తిరిగే కొండల నడుమ విథర్‌కోంబ్ అనే చిన్న గ్రామమున్నది. అక్కడి చర్చి సమాధుల తోటలో, మూడు మెట్ల అరుగు మీద నడుమెత్తు రాతి మొండెం ఒకటి నిలిచి ఉంటుంది. దాని పేరు చేతుల శిలువ. తలా లేదు, చేతులూ లేవు, ఇదేం పేరని కొత్తవారు నవ్వుకుంటారు. కథ విన్నాక ఎవరూ నవ్వరు.

పూర్వం ఇక్కడ ఆస్‌బర్ట్ అనే రాతిపనివాడు ఉండేవాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళకు అతని భార్య హావిస్‌కు కలిగిన మగబిడ్డ జ్ఞానస్నానం అందకముందే కన్నుమూశాడు. అటువంటి బిడ్డకు పవిత్రభూమిలో చోటు లేదన్నది ఆనాటి నియమం. చర్చి గురువు గిల్బర్ట్ ఫాదరు చెడ్డవాడు కాడు, నియమానికి జడిసినవాడు. ఆయన మాట మీద బిడ్డను తూర్పు గోడకు అవతల పూడ్చారు.

"శిలువ నీడకైనా నోచుకోలేదే నా తండ్రి!" అని హావిస్ తిండి మానేసింది.

ఆ మాట ఆస్‌బర్ట్ గుండెలో నాటుకుంది. మరుసటి ఏడు తోటలో శిలువ నిలిపే పని అతనికే దక్కింది. బిడ్డ పోయి ఏడాది నిండిన సాయంత్రం అతడు శిలువంత పొడవాటి గడకర్ర పట్టుకుని తోటంతా తిరుగుతుంటే, హావిస్ గోడ అవతల కూర్చుని చూసింది.

"ఇటు జరుగయ్యా, నీడ ఇంకా వాడి కాళ్ళ మీదే పడుతోంది" అని కేకేసింది.

అతడు జరిగి ఆగిన చోటే శిలువ లేచింది. ఏటా ఆ రోజున పొద్దువాలే వేళ దాని నీడ గోడ దాటి, చేతులు చాచి బిడ్డను కప్పేది. గురువు చూశాడు. నీడ ఎక్కడ పడాలో ఏ నియమమూ చెప్పలేదు కనుక ఊరుకున్నాడు.

ఇరవై ఏళ్ళకు ఆస్‌బర్ట్ పోయాడు. ఆ వెంటనే పెనుగాలికి శిలువ నడిమికి విరిగింది. ఆ ఏడు అదే రోజు సాయంత్రం నీడ గోడ దాటింది గాని, దానికి చేతుల్లేవు. ముసలి హావిస్ మెట్లెక్కి, మొండెం మీదికి పాకబోయి జారింది. ఎవరో కింద నుంచి పట్టుకున్నారు. చూస్తే గిల్బర్ట్ ఫాదరు. ఆయనా ముసలివాడే.

"ఎక్కమ్మా, నేను పట్టుకుంటాను" అన్నాడాయన.

ఆమె నిలబడి రెండు చేతులూ చాచింది. పొద్దుగూకేదాకా దించలేదు.

శిలువను బాగుచేయించడానికి ఊరివారు నేటికీ ఒప్పుకోరు. ఏటా ఆ సాయంత్రం బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒకతె మొండెమెక్కి చేతులు చాస్తుంది. ఆమె పాదాలు పట్టుకోవలసినది ఆ చర్చి గురువే. దాంతో దుఃఖం తీరుతుందని ఎవరూ చెప్పరు, ఆ రాత్రికి నిద్ర పడుతుందని మాత్రం అంటారు. ఆమె చేతులు అలసిపోతే మరో తల్లి ఎక్కుతుంది. మెట్ల మీద తన వంతుకై ఎదురుచూసే తల్లి ఒకరైనా లేని ఏడాది ఇంతవరకు లేదు.