కూర్మనాథం గారి చిన్న గేరు

కొండ మొదట్లో చెక్‌పోస్టు దాటగానే జీపు ఆపించడం కూర్మనాథం గారికి అలవాటు. ఆపించి, పెద్ద గేరు రాడ్డు పక్కనే ఉండే చిన్న రాడ్డును వెనక్కి లాగమనేవారు. అది లాగితే నాలుగు చక్రాలకూ పట్టు వస్తుంది, బండికి ఏనుగంత బలం వస్తుంది, వేగం మాత్రం ఎద్దుబండితో సమానమవుతుంది. అక్కడి నుంచి పై మలుపు దాకా జీపు మూలుగుతూ ఎక్కేది. ఆ మూలుగుతో లోయంతా నిండిపోయేది. వెనక వచ్చే ఆటోలు, మోటారుసైకిళ్ళు, ఆఖరికి గడ్డి వేసుకున్న ట్రాక్టరు కూడా మమ్మల్ని దాటుకుని పోయేవి. మా గురువుగారు చెయ్యి బయటపెట్టి వాళ్ళకు దారి ఇస్తూ కూచునేవారు.

ఒకప్పుడు అది ఎర్రమట్టి దారి. వానాకాలంలో మోకాలి లోతు బురద. అప్పుడు ఆ రాడ్డు లేకపోతే బండి కదిలేది కాదు. కానీ తారు వేసి చాలాకాలమైంది. తారు మీద అది లాగితే టైర్లు అరిగిపోతాయనీ, లోపల గేరు పళ్ళు దెబ్బతింటాయనీ మెకానిక్కు ప్రతిసారీ మొత్తుకునేవాడు. ఇక డీజిలు సంగతి చెప్పనక్కర్లేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని జనం మా వెనకాల నవ్వుకునేవారు. శిష్యులం మాలోనూ కొందరం అలాగే అనుకునేవాళ్ళం, కాకపోతే పైకి అనలేదు.

కూర్మనాథం గారు సన్యాసి కారు, డాక్టరూ కారు. సంస్కృతం చెప్పేవారు, మూలికల గుణం చెప్పేవారు, పుండు కడిగి కట్టు కట్టడం నేర్పేవారు. ఆశ్రమం అంటే కొండ కింద రెండు రేకుల షెడ్లు, ఒక వంటిల్లు. రోజుకో దారిన కొండెక్కి, ఏదో ఒక మలుపులో ఉన్న బస్సు షెల్టరులో కూచుని, వచ్చినవాళ్ళకు మందిచ్చి దిగి రావడం ఆయన వ్రతం. అన్ని దారుల్లోకీ గురువారం దారి నిటారు. ఆ దారిలో షెల్టరు ఉన్న మలుపుకు పైన, గట్టు అవతల, బూసుగుడ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి నుంచి రోడ్డు కనపడదు. సెల్‌ఫోను సిగ్నలు ఆ కొండను ఇంకా ఎక్కలేదు.

జోగారావు విజయనగరంలో ఒక కంపెనీలో స్టోరుకీపరు పని వదులుకుని వచ్చినవాడు. జీపు నడిపేదీ, కట్లు కట్టేదీ, ఆశ్రమం ఖర్చులు చూసేదీ అతనే. చేతిలో పనితనం ఉంది, కాకపోతే మనిషి కొంచెం తొందరమనిషి. జీపుకు డీజిలు పోయించే రైసుమిల్లు కామందు ఆ నెల కబురు పెట్టాడు, ధర మళ్ళీ పెరిగింది, ఇకమీద సగమే పోయించగలనని. జోగారావు లెక్క వేసుకున్నాడు. సగం డీజిలంటే సగం కొండలు మానుకోవడమే. ఏ కొండ మానాలి? అరకు వైపు యాత్రికుల్ని తిప్పే ఆసామి ఒకడు ఆ పాత జీపును మోజుపడి అడుగుతున్నాడు. మిల్లు కామందు తన చిన్న కారు ఇచ్చేస్తానంటున్నాడు. జీపు అమ్మి కారు తీసుకోవడం కన్నా తేలిక దారి ఎక్కడుంటుంది?

బుధవారం సాయంత్రం గురువుగారు అరుగు మీద కూచుని కరక్కాయలు దంచుతుండగా జోగారావు అడిగేశాడు.

“గురువుగారూ, మట్టిరోడ్డు పోయి తారురోడ్డు వచ్చింది. ఆ సంగతి మన జీపుకు ఎవరూ చెప్పలేదాండీ? ఆలస్యం అమృతం విషం అని మాకు చెప్పింది మీరే. సగం తాగి రెట్టింపు తిరిగే బండి దొరుకుతుంటే ఈ ఏనుగును ఎందుకు మేపుతున్నాం?”

గురువుగారు రోకలి ఆపలేదు. రేపు ఆ చిన్న కారు అడిగి తీసుకుని నువ్వే వెళ్ళిరా, ఎవరెవరికి కట్టు కట్టావో వచ్చి చెప్పు, అన్నారు.

అడిగిందే తడవుగా వరం దొరికినట్టయింది జోగారావుకు. తెల్లారగానే మందుల పెట్టె కారులో పెట్టుకుని బయల్దేరాడు. కొత్త కారు, తెల్ల కారు. స్టార్టయిందో లేదో బోనెట్ మీద చెయ్యి వేసి చూసుకోవాల్సినంత మెత్తన. చెక్‌పోస్టు దగ్గర ఆగే పని లేదు, లాగే రాడ్డు లేదు. మేము మూలుగుతూ ఎక్కే కొండను పాట ఒకటి పూర్తయ్యేలోగా ఎక్కేశాడట. ఆ మాట మాకు తర్వాత అతనే చెప్పాడు, మొదట గర్వంగా, తర్వాత వేరే గొంతుతో.

ఆ రోజు అతను ముఖ్యంగా చూడవలసిన మనిషి బూసుగుడ గాసి. పోడు సాగుకు అడవి కొడుతూ పాదం మీద గొడ్డలి దెబ్బ తగిలించుకున్నాడు. పుండు చీము పట్టింది. పెద్దాసుపత్రి వాళ్ళు మాత్రలిచ్చి, వారం వారం పుండు శుభ్రం చేయించుకోకపోతే పాదం తీసెయ్యాల్సి వస్తుందన్నారు. క్రితం గురువారం కట్టు కట్టింది జోగారావే. వచ్చే వారం తప్పితే కాలు దక్కదని గాసి భార్య సుక్రికి గట్టిగా చెప్పిందీ అతనే.

షెల్టరులో పెట్టె తెరిచి కూచున్నాడు. దగ్గులవాళ్ళు ఇద్దరు, రోడ్డు మీద పోతూ, ఆగి మందు తీసుకున్నారు. పై నుంచి ఎవరూ దిగలేదు. పసుపు కొమ్ముల బస్తా నెత్తిన పెట్టుకుని సంతకు పోతున్న ముసలాయన ఒకడు కనిపిస్తే, బూసుగుడ వాళ్ళు రాలేదేమని అడిగాడు.

“దిగతారు బాబూ. బండొస్తే దిగతారు,” అన్నాడాయన.

బండి వచ్చిందిగా అని జోగారావు తెల్ల కారు చూపించాడు. ముసలాయన కారు వంక చూశాడు, పెద్దమనిషి తరహాలో నవ్వాడు, తన దారిన తాను పోయాడు. పరాచికమాడాడని జోగారావు అనుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా కూచుని పెట్టె మూసేశాడు.

అతను తిరిగొచ్చేసరికి గురువుగారు చెప్పులు తొడుక్కుని, కండువా భుజాన వేసుకుని అరుగు మీద సిద్ధంగా కూచుని ఉన్నారు. జీపు షెడ్డులోంచి బయటికి తీసి ఉంది. ఈయన ఎక్కడికి బయల్దేరారో మాకు అర్థం కాలేదు. జోగారావు ఉత్సాహంగా లెక్క చెప్పాడు. డీజిలు ఎంత మిగిలిందో చెప్పాడు, ఎంత తొందరగా వచ్చాడో చెప్పాడు. గురువారం కొండకు ఇక అంత అవసరం లేదేమో, జనం పెద్దాసుపత్రికి అలవాటు పడ్డట్టున్నారు, మానాల్సి వస్తే ముందు దాన్నే మానుకోవచ్చు, అని కూడా అన్నాడు.

గాసి సంగతి ఏమైందని గురువుగారు అడిగారు. రాలేదనీ, నయమై ఉంటుందనీ జోగారావు చెప్పాడు.

“అయితే జీపు ఎక్కు,” అన్నారు గురువుగారు.

నేను మందుల పెట్టె పట్టుకుని వెనక ఎక్కాను. జోగారావు మొహం మాడ్చుకుని నడిపాడు. చెక్‌పోస్టు దాటాక గురువుగారు చెప్పకముందే ఆపి, చిన్న రాడ్డును విసురుగా వెనక్కి లాగాడు. జీపు మూలుగు మొదలైంది. పొద్దున్న అతను దూసుకుపోయిన దారినే మేము ఈడ్చుకుంటూ పోయాం.

సగం దారి ఎక్కాక లోయ తెరుచుకునే చోట గురువుగారు పైకి చూడమన్నారు. ఎదుటి వాలులో, కాఫీ తోట అంచున, సన్నటి కాలిదారి మీద మనుషులు దిగుతున్నారు. ఇద్దరి భుజాల మీద కర్ర, కర్రకు దుప్పటి డోలీ. భుజం మార్చుకోవడానికి పక్కన మరి ఇద్దరు. డోలీని ఒక చేత్తో పట్టుకుని ఒక ఆడమనిషి. అంత దూరం నుంచి కూడా సుక్రి ఎర్ర రవిక జోగారావు గుర్తుపట్టాడు.

వాళ్ళను ఇంకా మోయించడం ఎందుకు, తొందరగా పైకి పోయి ఎదురెళదాం అనుకున్నాడు పాపం. బండి ఆపి, చిన్న రాడ్డును ముందుకు తోసి, జోరుగా ఎక్కించాడు. జీపు మూలుగు ఆగిపోయి మామూలు చప్పుడయింది. మలుపు మీద మలుపు గబగబా వెనక్కి పోసాగింది.

అప్పుడు చూశాం. పైన డోలీ మోసేవాళ్ళు పరుగందుకున్నారు. బండి తమకన్నా ముందే మలుపు చేరిపోతుందని, గురువుగారిని తమ కోసం కాచుకుని కూచోబెడతామని వాళ్ళ కంగారు. ముందున్నవాడి కాలు రాళ్ళ మీద జారింది. కర్ర ఒక పక్కకు ఒరిగింది. డోలీ గాల్లో ఊగింది. సుక్రి రెండు చేతులతో దాన్ని వాటేసుకుంది.

గురువుగారు జోగారావు చేతి మీద చెయ్యి వేశారు.

“వాళ్ళ కాళ్ళు చూసి నడుపు నాయనా.”

జోగారావు బండి ఆపాడు. చిన్న రాడ్డును వెనక్కి లాగాడు, ఈసారి విసురుగా కాదు. మూలుగు మళ్ళీ లోయలో నిండింది. పైన పరుగు నడకగా మారింది. భుజం మార్చుకున్నారు. వాళ్ళు దిగుతున్న కొద్దీ మేము ఎక్కాం. మేము ఆఖరి మలుపు తిరిగేసరికి వాళ్ళు షెల్టరు పక్కన డోలీ దించుతున్నారు. ఇన్నేళ్ళూ మేము చేరేసరికి రోగులు అక్కడ కనపడడం మాకు మామూలే. వాళ్ళు పొద్దుటి నుంచీ వచ్చి కూచుని ఉంటారని అనుకునేవాళ్ళం.

సుక్రి జోగారావును చూడలేదు. సరాసరి గురువుగారి దగ్గరికి వచ్చి, ఆయన్ను ఎగాదిగా చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“పొద్దుగాల నుంచి సెవులు రిక్కించుకొని కూకున్నాం బాబూ. బండి మూలుగు ఇనబళ్ళేదు. ఎప్పుడూ తప్పని మనిషివి, నీకేటైపోయిందో అని బెంగెట్టుకున్నాం. మావోడ్ని దించాలంటే నలుగురు కావాల. వొస్తావో రావో తెలీకుండా నలుగురి చేత ఈ గట్టు ఎలా మోయించేది?”

తను ఆరోగ్యంగానే ఉన్నానని గురువుగారు చెప్పారు. పొద్దున్న ఏం జరిగిందో చెప్పలేదు. జోగారావే చెప్పాడు, వచ్చింది తనేననీ, చప్పుడు లేని బండిలో వచ్చాననీ. సుక్రి కోప్పడలేదు. కోప్పడి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది. అలాగా బాబూ, మాకు తెలీలేదు అని తప్పు తనదే అన్నట్టు తల దించుకుంది.

కట్టు విప్పితే వాసన వచ్చింది. జోగారావు నేల మీద కూచుని పాదం ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా పుండు కడిగాడు. అంచుల్లో ఎర్రటి కండ ఇంకా ఉంది. ఇంకో వారం ఆగి ఉంటే ఏమయ్యేదని నేను అడగబోతే గురువుగారు కళ్ళతోనే వారించారు. గాసి పళ్ళు బిగించుకుని పడుకున్నాడు. కట్టు పూర్తయ్యాక, కాలు ఉంటాదా అని ఒక్కటే అడిగాడు. వచ్చే గురువారం చూసి చెబుతానన్నాడు జోగారావు. మళ్ళీ ఆగి, జీపులోనే వస్తానన్నాడు.

అక్కడి నుంచి కొండ దిగాం. చెక్‌పోస్టు దగ్గర పడ్డాక జోగారావులోని స్టోరుకీపరు మళ్ళీ మేలుకున్నాడు. ఊళ్ళో పనులకు ఇక జీపు తియ్యొద్దన్నాడు. బియ్యం బస్తా బస్సు మీద తెస్తాననీ, గురువుగారు కూడా పట్నం పనులకు బస్సులోనే రావాలనీ అన్నాడు. గురువుగారు సరేనన్నారు. తారు మీద ఆ రాడ్డు లాగితే టైర్లు అరుగుతాయి, అరగనిద్దాం, అన్నాడు. దానికీ సరేనన్నారు. అయినా అతని మనసు కుదుటపడలేదు. లెక్క ఎటు తిప్పినా సరిపోవడం లేదు.

“ఎంత పొదుపు చేసినా చాలదు గురువుగారూ. రేపు ధర ఇంకా పెరుగుతుంది,” అన్నాడు.

గురువుగారు వెనక్కి తిరిగి, మేము దిగి వచ్చిన కొండ వైపు చూశారు.

“పెరుగుతుంది నాయనా. ఆ డోలీ మోసేవాళ్ళకు కొండ ఏమైనా తగ్గిందేమో, వచ్చే గురువారం చూసొచ్చి చెప్పు.”