గానుగెద్దు మీద కట్టిన పాట

ఊరి చివర గానుగ పాక. అందులో ముసలి ఎద్దు సోమలింగం పొద్దస్తమానం కళ్ళకు గంతలతో గుండ్రంగా తిరుగుతుండేవాడు.

ఆ పాకలో జంతువులకొక ఆనవాయితీ ఉంది. ఏటా తొలకరికి ముందు తమలో ఒకరి మీద పాట కట్టాలి. ఎవరి మీద కడితే వారిదే తీర్పు, అందాకా వాళ్ళకు వినిపించకూడదు. మెప్పించినవాళ్ళకు వానాకాలమంతా పాక చూరు కింద చోటు. ఈ ఏడు సోమలింగం వంతు.

పికిలిపిట్ట మంగతాయికి ఆ చోటు దక్కి తీరాలి. కిందటేడు వానకు గూడు పిల్లలతో సహా కొట్టుకుపోయింది మరి. అయినా తొందరపడిందా? అబ్బే! పది రోజులు ఎద్దు మూపురం మీద కళ్ళు మూసుకుని కూర్చుంది.

"ఏమే అమ్మాయ్, నిద్రొచ్చిందా?" అన్నాడు సోమలింగం.

"లేదు తాతా. నీ చీకట్లో ఏం వినిపిస్తుందో వింటున్నా. పాట నా గొంతులో పుట్టదు, లోకంలో ఎక్కడో ఉంటుంది. నేనే వెళ్ళి తెచ్చుకోవాలి."

సోమలింగానికి ముచ్చటేసింది. ఇన్నేళ్ళలో అతని చీకటి గురించి అడిగిన నాథుడే లేడు.

పదకొండో రోజు మంగతాయి పాక వెనక్కి పోయి పాట సాధన చేసుకుంది. తెలగపిండి బస్తాల చాటున నక్క భూషయ్య చెవులు రిక్కించుకుని ఉన్నాడని దానికేం తెలుసు, పాపం!

తీర్పు వేళ భూషయ్యే ముందుగా గొంతు సవరించుకున్నాడు.

"కిర్రు కిర్రున తిరిగే బాట
నువ్వుల వాసనే నాకొక తోట!"

మంగతాయి కొయ్యబారిపోయింది. "అయ్యో, అది నా పాట!"

"నీదా? సాక్ష్యమేదమ్మా? చెట్టు కింద కూర్చుని చిటికెలో కట్టాను" అన్నాడు భూషయ్య.

సోమలింగం ఇరకాటంలో పడ్డాడు. ఎవరిదని తేల్చేది?

పిట్ట ఎగిరి భూషయ్య ఎదుట వాలింది. "అంత సులువుగా వస్తుంటే ఇంకో చరణం కట్టు మావయ్యా, ఇక్కడే విందాం."

"ఓస్, అదెంత పని!" అంటూ భూషయ్య అందుకున్నాడు.

"పచ్చని కొండలు చూస్తూ నడిచా
పారే ఏటిని చూసి మురిశా!"

సోమలింగం పకపకా నవ్వాడు. "ఏ కొండలోయ్ భూషయ్యా? గంతలు కట్టాక నా కాళ్ళే నాకు కనబడవు! నువ్వు పాడవే తల్లీ."

మంగతాయి అప్పటికప్పుడు కొత్త చరణం అందుకుంది.

"ఎంత నడిచినా ఇక్కడే ఉన్నా
ఎరగని ఇంట దీపమై ఉన్నా."

సోమలింగం కదల్లేకపోయాడు. తన గానుగ నూనె ఎక్కడికి పోతుందో ఏనాడూ ఆలోచించలేదు. ఊరూరా వెలిగే దీపాలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు నిలిచాయి.

"ఒక్కచోటే తిరిగి తిరిగి ముసలాణ్ణయ్యాననుకున్నానే! ఎంత దూరం తీసుకెళ్ళావే తల్లీ!" అన్నాడు కళ్ళనీళ్ళతో. "చూరు నీది. పోయి గూడు కట్టుకో."

ఆ సాయంత్రమే తొలి వాన పడింది. భూషయ్య తోక ముడుచుకుని తడుస్తూ పోయాడు.

నీతి: ఒకరి బతుకులోకి వెళ్ళి రానివాడికి వాళ్ళ పాట కట్టడం చేతకాదు.