గవరయ్య ఎడమ కన్ను

చాలా చిన్న సంగతి. పోపు వేగేలోగా చెప్పేస్తాను.

మా ఊళ్లో పెళ్లి వీడియోలు తీసేది సన్యాసిరావు. పేరుకే సన్యాసి, ఇంట్లో నలుగురు పిల్లలు. మాట పొదుపు మాత్రం పేరుకు తగ్గట్టే ఉంటుంది. అన్నంలో ఉప్పు తక్కువైనా వేలితో చూపిస్తాడట. వాళ్లావిడే చెప్పింది. ఆవిడ ఇంకా చాలా చెప్పింది గానీ అవన్నీ ఇక్కడ అనవసరం.

ఆయన శిష్యుడు త్రినాథ్. పక్క మండలం వాడు. పదేళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నాడు. కంప్యూటర్లో మొహాల మీద మచ్చలు తుడవడంలో జిల్లాలో తనంతటివాడు లేడని అతని నమ్మకం. సర్పంచి ఫ్లెక్సీలో మచ్చలు తీసీ తీసీ, ఓటేసిన వాళ్లే గుర్తుపట్టకుండా చేశాడు.

ఆ ఏడు కెమెరాలో ఒక ఎర్ర చుక్క మొదలైంది. ఏది తీసినా తెర మీద అదే చోట, ఆవగింజంత. ఒక పెళ్లిలో పంతులుగారి ముక్కు మీద కూర్చుంది. ఒక శ్రీమంతంలో ఆడపడుచు పంటి మీద మెరిసింది. త్రినాథ్ టీవీ మార్చాడు, వైరు మార్చాడు, కార్డు మార్చాడు. దసరా పూజలో కెమెరాకి పెట్టిన కుంకుమ బొట్టు రాలి లోపల పడిందేమోనని లెన్సు తుడిచీ తుడిచీ అరగదీశాడు. చుక్క కదల్లేదు.

"గురువుగారూ, కెమెరా ముసలిదైపోయింది."

"నేనూ అయ్యాను," అన్నాడు సన్యాసిరావు.

ఇంతలో గవరయ్య పోయాడు. ఆయన ఎడమ కంట్లో తెల్లగా పువ్వు ఉండేది. చిన్నప్పటి నుంచీ దాని గురించి మేమంతా తోచినట్టల్లా వెక్కిరించాం. అందుకే ఫోటో అనగానే మొహం తిప్పేసుకునేవాడు. జన్మలో ఒక్కసారే కెమెరా వైపు నేరుగా చూశాడు. పోవడానికి నెల ముందు మనవరాలి ఓణీల ఫంక్షన్లో, నాలుగు సెకన్లు.

పెద్దకర్మకి ఫోటో కావాలని ఆయన భార్య పైడమ్మ వచ్చింది. ఇంట్లో ఇంకొకటి లేదు.

ఎర్ర చుక్క సరిగ్గా ఆ కంటి పక్కనే పడింది. త్రినాథ్ గవరయ్యని కెమెరాలోంచి తప్ప ఎన్నడూ చూడలేదు. ఎర్ర చుక్క తీశాడు. దాని పక్కనే తెల్లగా ఇంకోటి కనిపిస్తే అదీ తీశాడు. కుడి కన్ను తెచ్చి తిప్పి ఎడమ వైపు అతికించాడు. పని బాగా కుదిరిందని పాత వీడియో మీదే సేవ్ చేసేశాడు. కార్డు అప్పటికే తుడిచేసి ఇంకో పెళ్లికి వాడేశారు. వాళ్ల పద్ధతే అంత.

పైడమ్మ ఫోటో చాలాసేపు చూసింది.

"ఇతనెవరు బాబూ?"

"మీ ఆయనేనమ్మా. కెమెరా మచ్చలు రెండు పడ్డాయి. తీసేశాను."

"మచ్చతోనే ఇచ్చేయ్."

ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. తప్పంతా పాడు కెమెరాదేనని త్రినాథ్ ఆమె ముందే గురువు మీద కేకలేశాడు.

సన్యాసిరావు లోపలికి వెళ్లాడు. కెమెరా తెచ్చి లెన్సుకి మూత పెట్టాడు. టీవీకి కలిపి ఆన్ చేశాడు. తెరంతా నలుపు. ఆ నలుపులో ఎర్ర చుక్క ఒక్కటే వెలుగుతోంది.

"ఇది కెమెరా మచ్చ," అన్నాడు. "రెండోది చూపించు."

త్రినాథ్ తెర దగ్గరికి వెళ్లాడు. వంగి ఈ మూల నుంచి ఆ మూలదాకా వెతికాడు. ఆ తర్వాత వెనక్కి తిరగలేకపోయాడు.

సన్యాసిరావు మూత తీయకుండానే మెనూలో ఏదో నొక్కాడు. అర నిమిషంలో ఎర్ర చుక్కా పోయింది.

పైడమ్మ ఆ ఫోటోనే పట్టుకెళ్లింది.

పెద్దకర్మ రోజు ఫోటో అద్దం మీద, ఎడమ కంటి దగ్గర, చిన్న సున్నపు చుక్క కనిపించింది. పైడమ్మే పెట్టింది. వీడియో తీస్తున్న త్రినాథ్ చూశాడు. మేమూ చూశాం.

దండ వెయ్యడానికి వచ్చిన పెద్దకోడలు, అద్దం మురికిగా ఉందని కొంగుతో తుడిచేసింది.

"ఇప్పుడు బాగున్నాడు మావయ్య," అంది.

త్రినాథ్ కెమెరా దించేశాడు.

బాగున్నాడనే అన్నాం, అందరం.