హైమ సంగీతం ఫైలు

మండపేటలో చిట్టెబ్బాయి ఇంట్లో ముగ్గురే. చిట్టెబ్బాయి, వాళ్ళావిడ వీరలక్ష్మి, కూతురు హైమ. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడానికి తెలివుండాలండి. అది మా ఇంట్లో ముగ్గురికీ ఉంది" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు చిట్టెబ్బాయి.

హైమ సంగీతం బడిలో పాట నేర్చుకుంటోంది. పరీక్షలొచ్చాయి. ఏడాదంతా నేర్చుకున్నది ఫైలు కట్టి ఇవ్వాలట. పాటల రికార్డింగులు, స్వరాలు రాసిన కాగితాలు, సాధనలో దొర్లిన తప్పులు, అన్నీ అందులో ఉండాలి. ఫైలు బాగుంటేనే పై క్లాసులో సీటు. హైమకి ఆ సీటంటే ప్రాణం.

"పాప ఎక్కడెక్కడ తడబడుతోందో చూసి అక్కడ ఎర్రగీత పెట్టండి" అంది కామాక్షి టీచరు ఫోన్లో.

అంతే. చిట్టెబ్బాయి ఎర్ర పెయింటు డబ్బా పట్టుకుని కూతురి వెనకాలే తిరిగాడు. గడప దగ్గర తడబడింది, ఒక గీత. స్నానాలగది మెట్టు దగ్గర తడబడింది, ఇంకో గీత. ఆ పెయింటు మీద కాలు జారి వీరలక్ష్మి కూడా తడబడింది. "పరీక్ష నీది కాదుగా" అని అక్కడ గీత పెట్టలేదు.

గీతలకి ఫొటోలు తీసి ఫైల్లో అంటించారు. పాట రికార్డు చేసి టీచరుకి పంపారు. ఆవిడ విని, "గొంతు బయటికి రావట్లేదండి. బాగా బయటికి రావాలి" అంది.

ఇంకేముంది, హైమ తలని కిటికీ ఊచల మధ్యనుంచి బయటికి తోశారు. మెడ దాకా వచ్చి ఇరుక్కుపోయింది.

"వచ్చిందా?" అనడిగింది వీరలక్ష్మి లోపల్నుంచి.

"గొంతు మొత్తం బయటే ఉంది. పాడమ్మా" అన్నాడు చిట్టెబ్బాయి, వీధిలో ఫోను పట్టుకుని.

హైమకి ఏడుపొచ్చింది. కానీ సీటు గుర్తొచ్చి గొంతెత్తి పాడింది. సైకిళ్ళవాళ్ళు దిగి మరీ విన్నారు. పాటయ్యాక చెవులకి కొబ్బరినూనె రాసి వెనక్కి లాగితే తల లోపలికొచ్చింది.

పరీక్షనాడు ముగ్గురూ ఫైలు పట్టుకెళ్ళారు. పరీక్ష చేసే పెద్దాయన గడప ఫొటో చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. మెట్టు ఫొటో చూసి మళ్ళీ తుడుచుకున్నాడు. పాట విన్నాక మాత్రం ఆయన మొహం మెత్తబడింది.

"మంచి గొంతు. సీటిస్తున్నాను. ఈ పిల్లని పైకి తీసుకురావాల్సింది ఇక మీరే" అన్నాడు.

చిట్టెబ్బాయి దణ్ణం పెట్టి, బయటికొచ్చి, నిచ్చెన వెతికాడు. కాసేపటికి హైమ బడి మేడమీద నీళ్ళ ట్యాంకు ఎక్కి కూర్చునుంది. పక్కనే వీరలక్ష్మి, కొంగుతో కూతురి చెమట తుడుస్తోంది.

కామాక్షి టీచరు కింద నిలబడి తల పట్టుకుంది. "చిట్టెబ్బాయిగారూ, పిల్లని దించండి."

"పెద్దాయన మాటండి, కాదనలేం" అన్నాడు చిట్టెబ్బాయి నిచ్చెన దిగుతూ. "ఈ బడిలో ఇంతకన్నా పైన చోటు లేదు. పక్కవీధిలో సెల్ టవరుంది కదా, వాళ్ళనడిగొస్తాను."