చంద్రి నుదుటి తెలుపు

దుప్పటి కాళ్ళమీదికి లాక్కో, బంగారం. మధ్యలో లేచి మంచినీళ్ళు అడగకూడదు. విను.

అనగనగా సంతకు పేరుపడ్డ ఒక ఊళ్ళో జోగినాథం అని ఒక బొమ్మలాయన ఉండేవాడు. రంగులు ముట్టేవాడు కాదు. ఆముదం దీపం మసిని తుమ్మబంకలో నూరి, నల్ల సిరా తనే చేసుకునేవాడు. తెల్ల కాగితం, నల్ల సిరా, అంతే. బొమ్మ బాగా వేసేవాడు. బాగా వేస్తానన్న గర్వం ఇంకా బాగా ఉండేది.

ఆ ఊళ్ళోనే గవరమ్మ పాలు అమ్ముకుని బతికేది. ఆవిడకి ఉన్నది ఒక్కటే గేదె. పేరు చంద్రి. నిండు చూడిది. ఒకనాడు వడగళ్ళు పడితే చంద్రి బెదిరి, పలుపు తెంపుకుని పారిపోయింది. గవరమ్మ పొలాలన్నీ గాలించింది. కనబడలేదు. ఎక్కడో దిక్కులేకుండా ఈనితే తల్లీ దక్కదు, దూడా దక్కదు.

అప్పుడు గవరమ్మ జోగినాథం దగ్గరికి పరిగెత్తింది. "నాయనా, నా చంద్రి బొమ్మ వేసిపెట్టు. సంతల్లో కడతాను. చూసినవాళ్ళు చెబుతారు. దాని కొమ్ము ఉందే..." అంటూ ఉండగానే, "గేదె ఎలా ఉంటుందో నాకు తెలియదా పిన్నీ? నువ్వు కూర్చో" అన్నాడు.

సన్నని గీతలతో వెంట్రుక వెంట్రుకా వేశాడు. ఆదివారం సంతలో కట్టారు. పది అడుగుల దూరం నుంచి చూస్తే ఉత్త కాగితంలా ఉంది. ఒక్కరూ ఆగలేదు.

"ఓహో, నలుపు చాల్లేదు" అనుకున్నాడు. ఆ తర్వాత ఇంకో బొమ్మకి గిన్నెడు సిరా పట్టించాడు. ఒళ్ళంతా నిగనిగలాడింది. మెడలో గంట కూడా పెట్టాడు. మంగళవారం సంతలో జనం మూగారు. సాయంత్రానికి నాలుగు గేదెల్ని తోలుకొచ్చారు. ఒకాయన దున్నపోతునే తెచ్చాడు!

గవరమ్మ అన్నిటినీ చూసి కళ్ళు తుడుచుకుంది. "అన్నీ గేదెలే నాయనా. నా చంద్రి ఏదీ?" అంది.

జోగినాథం తల దించుకున్నాడు. అప్పుడు కలం కింద పెట్టాడు. "తప్పు నాది పిన్నీ. ఇప్పుడు చెప్పు, వింటాను" అన్నాడు.

గవరమ్మ కళ్ళు మూసుకుని చెప్పింది. "ఎడమ కొమ్ము చెవి మీదికి వాలి ఉంటుంది. కుడి చెవికి చిన్న గాటు. నుదుట తెల్లమచ్చ, దీపం వెలిగినట్టు."

మరి తెల్ల సిరా ఎక్కడుంది? లేదు. మచ్చ ఉండాల్సిన చోట ఆయన కాగితాన్ని ముట్టుకోలేదు. చుట్టూ నలుపు నింపాడు. మచ్చ దానంతటదే వెలిగింది. మెడలో గంట వేద్దామని చెయ్యి దురద పెట్టింది. లేని గంట ఎందుకని చేతిని ఆపుకున్నాడు. చెయ్యి ఆపుకోవడమే కష్టమమ్మా. నువ్వూ నేర్చుకోవాలి.

గురువారం సంతలో, పొరుగూరి నుంచి వచ్చి ఉల్లిపాయలమ్మే రత్తాలు ఆ బొమ్మ ముందు బుట్ట దించేసింది. "ఈ వంకర కొమ్ము, ఈ మచ్చ! ఐదు రోజులుగా మా దొడ్లో గడ్డి అంతా మేస్తున్న మహాతల్లి ఇదే! ఎవరిదో తెలియక కట్టేసి సాకుతున్నాను" అంది.

గవరమ్మ ఆమె చేతులు రెండూ కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాత చంద్రిని మెల్లగా ఇంటికి నడిపించుకొచ్చారు. తెల్లారేసరికి ఈనింది. పెయ్యదూడ. దాని నుదుట కూడా చిన్న మచ్చ!

జున్ను వండగానే గవరమ్మ ఒక గిన్నె రత్తాలుకి పంపి, ఇంకో గిన్నె జోగినాథానికి తెచ్చింది. ఆయన లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. "నాకెందుకు పిన్నీ? ఇరవై ఏళ్ళుగా బొమ్మలు వేస్తున్నాను. ఒక్క గేదెనైనా సరిగ్గా చూడలేదు. చూడటం నువ్వు నేర్పావు" అన్నాడు.

"సరేలే, తిను. చల్లారిపోతోంది" అంది గవరమ్మ.

అప్పటినుంచి ఆయన ఏ బొమ్మ వేసినా, ముందు అడిగి, చూసి, నేర్పినవాళ్ళకి దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాతే కలం ముంచేవాడు. నువ్వూ రేపు పలక పట్టుకునే ముందు మీ పంతులమ్మకి దణ్ణం పెట్టు. మరిచిపోయావో, ఊరుకోను.

కథేమో కంచికి,
చంద్రేమో పాకకి,
సిరాచుక్క సీసాకి,
నా బంగారం నిద్రకి.