వాగుకి శాలువా కప్పిన సభ

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు, ఆ వాగు ఒడ్డున ఎవరికీ చెప్పుకోని గుట్టుతో ఒక గోరింక. గుట్టేమిటంటే, దానికి మనుషుల మాట వచ్చు. అడవి కాపలాదారు ఎల్లమంద గుడిసె కిటికీలో కూర్చుని, వినీ వినీ, ఎవరూ నేర్పకుండానే నేర్చేసుకుంది. కాకపోతే అప్పటినుంచీ ఎవరితో ఏం మాట్లాడినా, నోరు తెరిస్తే అచ్చం ఎల్లమంద గొంతే. "ఆడపిట్టకి మగగొంతా!" అని అడవంతా నవ్వుతుందని నలుగురిలో ఒక్క మాటా అనేది కాదు.

అది అలాంటిలాంటి అడవి కాదు పిల్లలూ, రక్షిత అడవి! ఎలా తెలుసంటారా? బోర్డుంది మరి. 'వాగుకి హాని జరిగితే ఈ నంబరుకి ఫోన్ చేయండి' అని దాని మీద రాసుంది. కోతి ఆ బోర్డుకి వీపు గోక్కునేది. ఇంతకు మించిన రక్షణ ఇంకేం కావాలి?

ఒక ఎండాకాలం వాగు ఉన్నట్టుండి సన్నబడింది. ఎందుకో గోరింకకి తెలుసు. ఎగువనున్న కొత్త హోటలు మేనేజరుతో ఎల్లమంద అన్న మాటలు అది చెవులారా వింది.

"ఇసుక మూటలు అడ్డం వేసి, నీళ్ళు మీ ఈతకొలనుకి మళ్ళించుకోండి సార్. బోర్డు మీద నంబరుంది గానీ, ఎవడు ఫోన్ చేస్తాడు?"

జంతువులు ఊరుకుంటాయా? సభ పెట్టాయి. అధ్యక్షులు కొంగగారు. మొదటి సభలో ఆయన వాగు గొప్పదనం గురించి పొద్దుగూకేదాకా మాట్లాడారు. రెండో సభలో వాగుకి సన్మానం. టేకాకుల శాలువా కప్పారు. ఒక్క శాలువాకి సరిపోయేంత వాగే మిగిలింది మరి! సభ సభకీ కొంగగారు ఎందుకు లావవుతున్నారో మాత్రం ఎవరూ అడగలేదు.

మూడో సభనాటికి మిగిలింది ఒక్క గుంట.

"స్వర్గీయ వాగుగారికి..." అని కొంగగారు గొంతు సవరించుకున్నారు.

"ఓ కొంగమామా! మేమింకా బతికే ఉన్నాం!" అని గుంటలోంచి ఒక చేపపిల్ల అరిచింది.

"ఉష్! సభామర్యాద ఉండొద్దూ? అందరూ మౌనం పాటించండి."

అందరూ తలలు వంచారు. గోరింకా వంచింది. వంచేసరికి ఎదురుగా చేపపిల్ల.

"అక్కా, నువ్వు ఎగరగలవుగా. నీళ్ళెక్కడ ఆగిపోయాయో చూశావా?"

"చూశాను," అంది గోరింక, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నా గొంతు బాగోదే."

చేపపిల్ల బురదలో తోక కొట్టుకుంది. "నాకు ఊపిరాడట్లేదక్కా. నీకు గొంతు బాగోలేదా!"

గోరింక ఇంక అక్కడ నిలవలేకపోయింది. మౌనం మధ్యలోంచే రెక్కలు టపటపలాడించుకుంటూ లేచింది. "చూశారా, మర్యాద లేని పిట్ట!" అంది కోతి.

ఎల్లమంద అన్నం తిని గురక పెడుతున్నాడు. బటన్ల ఫోను కిటికీలో చార్జింగులో ఉంది. గోరింకకి అంకెలు చదవడం రాదు. కానీ పుట్టినప్పటినుంచీ ఆ బోర్డు ఎదురుగానే బతికింది. ఏ ఆకారం పక్కన ఏ ఆకారముంటుందో కంఠతా.

"ఇసుక మూటలు అడ్డం వేసి..." అని ఒకసారి అని చూసుకుంది. అచ్చం ఎల్లమందే! ఇన్నాళ్ళూ సిగ్గుపడింది ఈ గొంతుకా?

'ఎవడు ఫోన్ చేస్తాడనే కదా అడిగావు ఎల్లమందన్నా? ఎవడూ చెయ్యడులే. నేను చేస్తాను,' అనుకుని, మొదటి బటను మీద ముక్కు ఆనించింది.

నీతి: శాలువా కప్పితే వాగు పారదు, సంగతి తెలిసినవాళ్ళు నోరు విప్పాలి, గొంతు ఎలా ఉన్నా సరే.