నవ్వు దాచుకున్న కంసాలి

అనగనగా, ఎనకెనకటికి ఒక ఊళ్ళో నాగలింగాచారి అని ఒక కంసాలి ఉండేవాడు. కాళ్ళు చాపుకో నాన్నా, దుప్పటి తన్నకు. ఊ కొడుతూ విను.

ఆచారి చేసిన పుస్తెలు మెడలో లేని ఇల్లాలు ఆ ఊళ్ళో లేదు. కంసాలి పనేమిటో తెలుసా? కుంపటి ముందు కూర్చుని, సన్నటి ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, మంటను ఊది ఊది బంగారాన్ని అతికిస్తాడు. పక్కనే పళ్ళెంలో రాలిన బంగారు పొడి ఉంటుంది. ఎవరైనా ఫక్కున నవ్వారో, ఆ పొడి కాస్తా గాల్లో కలిసిపోతుంది. అందుకే ఆచారికి ఏడేళ్ళప్పుడే వాళ్ళ నాన్న చెప్పాడు, "కుంపటి ముందు నవ్వకురా" అని.

పిచ్చి మారాజు, ఆ మాటని కుంపటి దగ్గరే వదిలి లేవడం మరిచిపోయాడు. అన్నం ముందూ నవ్వడు, అరుగు మీదా నవ్వడు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళావిడ కాళమ్మ వేళాకోళమాడితే, పెదవులు బిగబట్టి గోడ వైపు చూసేవాడట. పాపం, పోను పోను ఆవిడా నవ్వడం మానేసింది.

ఏళ్ళు గడిచాయి. ఎప్పుడూ వంగి కూర్చోవడం, ఎప్పుడూ బిగబట్టడం. మెల్లగా ఆచారి ఛాతీ పట్టేసింది. నూతి దగ్గర్నుంచి చెంబెడు నీళ్ళు తెచ్చినా ఆయాసమే.

అప్పుడు సన్నాయి ఊదే పుల్లయ్య తాంబూలం, బంగారం పట్టుకుని పుస్తెలు చేయించడానికి వచ్చాడు. వాళ్ళమ్మాయి రంగసానికి నెల రోజుల్లో పెళ్ళి. ఆచారికి తన ఊపిరి మీద నమ్మకం లేదు. ముందు ఒక ఇత్తడి ముక్క మీద ఊది చూసుకున్నాడు. మొదటిసారి మంట చాల్లేదు. రెండోసారి దగ్గొచ్చింది. మూడోసారి ఊపిరందక గొట్టమే జారిపడింది.

"పుల్లయ్యా, పక్కూరి కంసాలి దగ్గరికి వెళ్ళు. నా పనయిపోయింది," అన్నాడు. అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పనే పోతే ఆయనకింకేం ఉంది చెప్పు?

"మా ఆవిడ మెడలోవి మీ చేతివే. మా పిల్లకీ మీ చేతివే కావాలి," అన్నాడు పుల్లయ్య. "సన్నాయి వాడికి తెలియని ఊపిరా ఆచారి గారూ? రేపు పొద్దున్నే వస్తా, చాప పరిచి ఉంచండి."

మర్నాడు ఆచారిని వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద నిండా బియ్యం పోసిన కొలత సోల పెట్టాడు. "గాలి పీలిస్తే సోల లేవాలి, వదిలితే దిగాలి," అన్నాడు. ఆ తర్వాత దీపం ముందు కూర్చోబెట్టాడు. "సన్నగా, పొడుగ్గా వదలండి. దీపం వంగాలి గాని ఆరకూడదు." ఆ రెండూ ఆచారికి ఇట్టే పట్టుబడ్డాయి. పనివాడు కదా!

మూడోదే వచ్చింది తంటా. మళ్ళీ పడుకోబెట్టి, సోల పెట్టి, "ఇప్పుడు నవ్వండి," అన్నాడు పుల్లయ్య.

"ఎందుకూ?"

"మూలల్లో నిలవున్న గాలి నవ్వితేనే కదులుతుంది."

ఆచారి కప్పు వంక చూస్తూ, "హ. హ. హ," అన్నాడు. బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు! వంటింట్లో పప్పు ఏరుతున్న కాళమ్మ ఆపుకోలేక కిసుక్కుమంది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. ఆచారి పొట్ట కదిలింది. సోల ఊగింది, ఒరిగింది, బియ్యమంతా ఆయన గడ్డంలో పడింది. ఇంతలో పెరట్లోని కోడిపెట్ట పరుగున వచ్చి గడ్డంలో గింజలు ఏరుకోబోయింది. అంతే! నిజం నవ్వు తన్నుకొచ్చింది. నవ్వీ నవ్వీ చాప మీద దొర్లాడు.

ఒక్కరోజులో బాగయిపోయాడా? లేదు నాన్నా. రోజూ పొద్దున్నే సోల, దీపం, నవ్వు. మొదటి వారం ఆయాసం లేకుండా చెంబు తెచ్చాడు. రెండో వారం బిందె తెచ్చాడు. మూడో వారం ఇత్తడి ముక్క అతుక్కుంది.

పుస్తెలు చేసే ముహూర్తం వచ్చింది. పెళ్ళివారంతా చుట్టూ కూర్చున్నారు. ఆచారి పొట్ట నిండా గాలి తీసుకుని, సన్నగా, పొడుగ్గా ఊదాడు. మంట వంగింది, ఆరలేదు. తళుక్కుమని బంగారం అతుక్కుంది. పుస్తె నీళ్ళలో పడి చుయ్ మంది. రంగసాని తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడు ఆచారి ఊదుగొట్టం పక్కన పెట్టాడు. బంగారు పొడి ఉన్న పళ్ళెం మీద జాగ్రత్తగా మూత బోర్లించాడు. అందరూ ఎందుకా అని చూస్తున్నారు. అప్పుడు నవ్వాడు చూడూ, కప్పు అదిరేలా!

కాళమ్మ గుమ్మంలో నిలబడి ఆయన్నే చూసింది. "ఇంత బాగా నవ్వుతారని ముందే తెలిస్తే," అంది, "ఆ పొడంతా ఎగిరిపోతే పోనీ అనేదాన్ని కదండీ."

ఏదీ, నీ పొట్ట మీద చెయ్యి పెట్టుకో. లేస్తోందా? దిగుతోందా? ఆ... అలాగే.

ఊదితే వంగాలి దీపం,
నవ్వితే కరగాలి కోపం.
కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
నిద్దరేమో నా చిట్టి కంటికి.